ఆనుకున్న పాచిక

పెద్దమనిషి అనే పేరు నాకు నేను పెట్టుకున్నది కాదు. తల ఇంకా నెరవలేదు, పెండ్లి కాలేదు, ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా తగ్గిపోయారు. నంద్యాలలో మా ఇనుప సామాన్ల అంగడిలో నా మాటకు మా అన్న మాటలో సగం విలువ లేదు. అట్లాంటి నన్ను ఆళ్లగడ్డలో ముగ్గురు మనుషులు ప్రతి ఆదివారం పెద్దమనిషీ అని పిలిచేవాళ్లు. ఒక ఆట పుణ్యమా అని.

ఆ ఆట ఏమిటో ముందే చెప్పాలి, ఎందుకంటే మా వైపు దాన్ని ఆడేవాళ్లు నాకు తెలిసి మేము నలుగురమే. అందరం చుట్టూ కూర్చుంటాం. ఒకడు కథ చెప్తాడు. అదిగో వాగు, అవతల కోట, కోట గుమ్మంలో కాపలావాడు. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్తారు. వాగు దూకుతానంటాడు ఒకడు. కాపలావాడిని మాటల్లో పెడతానంటుంది ఒకామె. జరుగుతుందా లేదా అని సందేహం వచ్చిన చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఎక్కువ పడితే అనుకున్నది జరిగినట్టు, తక్కువ పడితే జరగనట్టు, గండం దాటే చోట ఒకటి పడిందా, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే. కథ చెప్పేవాడికి మాత్రం తనదంటూ ఒక మనిషి ఉండడు. కాపలావాడూ వాడే, రాణీ వాడే, వాగులో మొసలీ వాడే. రూలు దగ్గర తగాదా వస్తే తీర్పు చెప్పేదీ వాడే.

బెంగళూరులో ఉద్యోగం చేసిన కొన్నేళ్లలో నేను ఇది నేర్చుకున్నాను. అక్కడ ఆ కథ చెప్పేవాడిని గేమ్ మాస్టర్ అనేవాళ్లు. ఆళ్లగడ్డలో మొదటి ఆదివారం ఈ మాట చెప్పి, వాడి పని ఇదీ అని వివరిస్తుంటే శిల్పి అన్న చేతిలో ఉలి పక్కన పెట్టి, "అంటే పెద్దమనిషన్నమాట. అట్ల చెప్పు మళ్లా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేరు నిలబడిపోయింది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది కూడా.

ఉద్యోగం పోయి నంద్యాలకు వచ్చాక ఈ ఆటకు మనుషుల కోసం నేను పడని పాటు లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది నా పని. చిన్నప్పుడు నాతో చదువుకున్నవాడు ఒకడు ఓపిగ్గా అంతా విని, "గెలిస్తే ఏమొస్తాది?" అని అడిగాడు. ఈ ఆటలో గెలుపు ఉండదన్నాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "పెండ్లి చేసుకోరా," అన్నాడు.

అంగడి పైన ఒక గది, కింద అంగడి. అన్న వాళ్లు కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వెళ్లారు. వదిన మంచిది, పండగకు మరిచిపోకుండా పిలుస్తుంది. రోజంతా నేను మాట్లాడేది, "రెండంగుళాల మేకులా, రెండున్నరా?", "గ్యారంటీ ఉండదు," "తడి చెయ్యి తగలనియ్యద్దు." సాయంత్రం షట్టరు దించాక ఆ మాటలు కూడా ఉండవు. మెస్సులో భోజనం చేస్తుంటే వడ్డించే మనిషి "సాంబారా?" అంటాడు, నేను తల ఊపుతాను. ఒంటరితనం అనే పెద్ద మాట వాడడం నాకిష్టం లేదు, కానీ దానికి ఇంకో మాట కూడా తెలీదు.

ఆళ్లగడ్డకు నేను మొదట పోయింది ఆట కోసం కాదు. అక్కడ రోడ్డు పొడవునా రాతి బొమ్మలు చెక్కే షెడ్లు. వాళ్లకు రాయి కోసే బ్లేళ్లు, ఉలులు మా అంగడి నుంచి పోతాయి. అట్లా పరిచయమైనవాడు శిల్పి అన్న. సరుకు దించాక ఊరికే కూర్చుని, నా బుర్రలో ఉన్న లోకం గురించి చెప్పేవాడిని. ఆయన వినాయకుడి తొండం చెక్కుతూ, "ఆమైన?" అనేవాడు, తర్వాత ఏమైందని. ఆ ఒక్క మాట కోసం నేను లేని కథ కల్పించేవాడిని. ఒక రోజు ఆయనే, "నన్ను కూడా ఏసుకో ఆటలో," అన్నాడు. వాళ్ల పక్కింట్లో ఉండే లెక్కల టీచరమ్మను పిలుచుకొచ్చాడు. నేను తెలుగులో రాసి స్పైరల్ బైండింగ్ చేయించిన రూళ్ల పుస్తకాన్ని ఆమె ఒక వారం ఇంటికి తీసుకుపోయి, తప్పులన్నిటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి తెచ్చింది.

మూడో మనిషి దొర్నిపాడు రైతు. వాళ్ల ఊరి అమ్మవారికి విగ్రహం చేయమని చెప్పడానికి షెడ్డుకు వచ్చి, మేము ఆడుతుంటే నిలబడి చూశాడు. నిలబడినవాడు నిలబడినట్టే, "గుర్రం అంత దూరం నీళ్లు తాగకుండా పోదు శెట్టీ," అన్నాడు. ఆటలో చేరకముందే రూలు మీద తగాదా పెట్టుకున్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే అయి ఉంటాడు. మరుసటి వారం మోటారు సైకిల్ మీద వచ్చేశాడు. నీకు ఎట్లాంటి మనిషి కావాలి అని అడిగితే, "పడవ నడిపేటోడిని ఇయ్యి. నాకు ఈత రాదు. వానికన్నా రానీ," అన్నాడు.

ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. చీకటి అని నేనంటే, "పోయిన వారం పున్నమంటివి, చీకటెట్లాయ?" అంటాడు. కోట గోడ ఎక్కడం కష్టం అంటే, గోడకు సున్నం ఎప్పుడు పూశారో అడుగుతాడు. టీచరమ్మ ఊరుకునే మనిషా? "పన్నెండో పేజీ చూడన్నా," అని పుస్తకం తీస్తుంది. పన్నెండో పేజీని ఆయన తప్పంటాడు. ఇద్దరూ కలిసి నా మీద పడతారు. శిల్పి అన్న మధ్యలో కూర్చుని బొరుగులు తింటూ అందరికీ సరేనంటాడు. సాయంత్రానికి నా నోరు నొప్పి పుట్టేది. వారం మొత్తంలో నోరు నొప్పి పుట్టేంత మాట్లాడేది ఆ ఒక్క మధ్యాహ్నమే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని విసుక్కునేవాడిని, ఈ మనుషులతో నా వల్ల కాదు అని. మళ్లీ సోమవారం నుంచే ఆదివారానికి కథ సిద్ధం చేసుకునేవాడిని.

ఆ తగాదా వచ్చింది వానాకాలంలో. షెడ్డు రేకుల మీద వాన పడుతోంది. మేము బల్లగా వాడుకునే పెద్ద బండ మీద మిరపకాయ బజ్జీల పళ్లెం ఉంది. కథలో కూడా వరదే. ఏరు పొంగింది. దొర్నిపాడాయన పడవవాడు మిగతా ఇద్దరినీ అవతలి గట్టుకు చేర్చేశాడు. ఇవతల గట్టు మీద ఒక ముసలామె మిగిలిపోయిందని నేను చెప్పాను. ఆమె కోసం వెనక్కి పోనక్కర్లేదు. ఆమె నేను ఊరికే పెట్టిన ముసలామె, ఆమెతో కథకు పని లేదు. కానీ ఆయన, "ముసల్దాన్ని ఇడిసిపెట్టి పోతామా ఏందీ?" అని పడవ వెనక్కి తిప్పాడు.

పాచిక వేశాడు. అది దొర్లుకుంటూ పోయి పళ్లెం అంచుకు ఆనుకుని, కొంచెం వాలి నిలబడింది. పైకి కనిపిస్తున్నది ఒకటి.

"చెల్లదు," అన్నాడు ఆయన వెంటనే. "పళ్లేనికి ఆనుకుండాది. మళ్లా ఏస్తా."

"ఆనుకున్నా కనపడేది ఒకటే గదన్నా," అంది టీచరమ్మ.

"మా ఊర్లో ఆనుకున్న పాచిక చెల్లదు."

"మీ ఊరి రూలు ఈడెందుకు? కింద పడితే మళ్లా వేయమని పుస్తకంలో ఉండాది. ఆనుకుంటే అని యాడా లేదు." తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "నా వైద్యురాలు పోయిన పొద్దు నా పాచిక టీ గ్లాసుకు ఆనుకోలేదా? పడింది పడినట్టే అంటి. మళ్లా ఏస్తా అని అడిగితినా?"

అది నిజం. అందరికీ గుర్తుంది. ఆటలో తన మనిషిగా ఆ వైద్యురాలిని ఆమె ఎంతో ముచ్చటపడి తయారుచేసుకుంది. ఎన్ని మూలికలు, వాటి పేర్లు, అవి ఎక్కడ దొరుకుతాయో. ఆమె చచ్చిపోయిన రోజు టీచరమ్మ మారు మాట్లాడకుండా ఇంటికి పోయి, తర్వాతి వారం కొత్త మనిషితో వచ్చింది.

"అప్పుడు నువ్వు అడగల్యా," అన్నాడు దొర్నిపాడాయన. "నేను అడుగుతాండా." ఆయన నా వైపు తిరిగాడు. "రూలు లేనికాడ పెద్దమనిషి మాటే రూలని నువ్వే గదా చెప్తివి. చెప్పు మళ్లా."

శిల్పి అన్న మెల్లగా, "పాము సావకూడదు, కట్టె ఇరగకూడదు. అట్ల ఏమన్నా చూడప్పా," అన్నాడు. పడవ మునిగి, మనిషి ఎక్కడో స్పృహ లేకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చినట్టు పెడితే ఎట్లుంటుంది అన్నాను నేను.

"సగం సావు ఏ పేజీలో ఉండాదన్నా?" అంది టీచరమ్మ.

ముగ్గురూ నా ముఖం వంక చూస్తున్నారు. నాకు తీర్పు గురించి ఆలోచన లేదు. ఉన్నది ఒకటే భయం. చచ్చాడంటే ఈయన రాడు. బతికాడంటే ఈమె రాదు. ఇద్దరిలో ఎవరు పోయినా ఆట పోతుంది, ఆట పోతే నాకు ఆదివారం పోతుంది. మా తాత నంద్యాల బజారులో వర్తకుల తగాదాలు తీర్చేవాడు. ఇరుకున పడినప్పుడు ఆయన వాడే మాట నా నోట్లోకి వచ్చింది.

"ఈ పొద్దు చెప్పను," అన్నాను. "వాయిదా."

ఆశ్చర్యంగా ఇద్దరూ తగాదా అక్కడికి ఆపేశారు. లేచి, వానలోనే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. బజ్జీలు సగం అట్లాగే ఉన్నాయి.

వారం తిరిగేసరికి కోపాలు చల్లారతాయి, నవ్వుకుంటూ వస్తారు, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. ఆదివారం పోతే షెడ్డుకు తాళం. శిల్పి అన్న బనగానపల్లె దగ్గర ఏదో గుడిలో విగ్రహం నిలబెట్టడానికి పోయాడని పక్క షెడ్డువాళ్లు చెప్పారు. సరే, మిగతా ఇద్దరూ వస్తారు కదా అని బయట రాళ్ల మీద కూర్చున్నాను. చుట్టూ సగం చెక్కిన బొమ్మలు. కొన్నిటికి చేతులు వచ్చాయి, ముఖాలు ఇంకా రాలేదు. మోటారు సైకిల్ చప్పుడు వినపడినప్పుడల్లా రోడ్డు వంక చూశాను. ఎవరూ రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం కూడా పోయాను. అదే తాళం, అవే రాళ్లు. మా నలుగురికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. దానిలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేను రాయడానికి మొదలుపెట్టి చెరిపేశాను. నాకూ పౌరుషం ఉంటుంది కదా. నంద్యాల నుంచి గంటకు పైగా బస్సులో నిలబడి వస్తున్నవాడిని నేను, వీళ్లను బొట్టు పెట్టి పిలవాలా అనుకున్నాను. ఒక పాచిక కోసం మనిషినే వదులుకున్నారు, పోనీ, అనుకున్నాను. అనుకోవడానికి ఏముంది, ఎన్నయినా అనుకోవచ్చు.

తర్వాత పోవడం మానేశాను. ఆదివారాలు నంద్యాలలోనే గడిచాయి. మధ్యాహ్నం మెస్సులో తిని గదికి వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. నా బుర్రలో ఆ ఏరు పొంగుతూనే ఉంది. పడవ నడి ఏట్లోనే ఉంది, ముసలామె గట్టునే నిలబడి ఉంది. నేను చెప్తే గాని ఆ నీళ్లు కదలవు. చెప్పడానికి వినేవాళ్లు లేరు. నాకు ఏడుపు వచ్చింది. ఇంత వయసు వచ్చి, లేని ముసలామె కోసం ఏడుస్తున్నానని నా మీద నాకే కోపం వచ్చింది కూడా.

ఒక పనిరోజు పొద్దున శిల్పి అన్న బ్లేళ్ల కోసం తానే నంద్యాలకు, మా అంగడికి వచ్చాడు. కావలసినవి ఏరుకుని, సంచిలో వేసుకుంటూ మామూలుగా అడిగాడు.

"ఏందప్పా, పంచాయితీ యా పొద్దు పెడతాండావ్?"

"ఏ పంచాయితీ అన్నా?"

"ఏ పంచాయితీ ఏందీ? పాచికది. వాయిదా అంటివి గదా. ఇద్దరూ నీ కబురు కోసరం చూస్తాండారు."

"వాళ్లే గదన్నా రానిది? నేను వచ్చి వచ్చి పోతిని."

ఆయన సంచి కింద పెట్టాడు. నేనేదో చిన్నపిల్లవాడి మాట మాట్లాడినట్టు చూశాడు. "వాయిదా ఏసినంక పెద్దమనిషి పిలవకుండా ఎవరొస్తారప్పా? ముందుగాల వచ్చినోడు నీ కాళ్లు పట్టుకునేదానికి వచ్చినాడనుకోరా? ఆయమ్మ నన్ను అడుగుతాది, ఈయన నన్ను అడుగుతాడు. పెద్దమనిషి మనసులో ఏముందో నాకేం తెలుసు అంటాండా."

నేను స్టూలు మీద కూలబడ్డాను. ఈ కట్టుబాటు నాకు తెలియనిది కాదు. మా తాత కాలంలో చూసిందే. వాయిదా పడిన తగాదాలో ఉన్నవాళ్లు పెద్దమనిషి కబురు పెట్టేదాకా ఆ ఛాయలకు రారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. వచ్చినవాడిది తప్పని లెక్క. నేను ఆట అనుకుని ఒక మాట వాడేశాను, వాళ్లు ఆ మాటను మాటగా తీసుకున్నారు. నేను తాళం ముందు కూర్చుని వాళ్లను తిట్టుకుంటుంటే, వాళ్లు వాళ్ల వాళ్ల ఇళ్లలో కూర్చుని నా పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు.

ఫోన్ తీశాను. శిల్పి అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఫోన్లో కాదప్పా. మనిషితో చెప్పి పంపల్ల. నేను చెప్తా పో," అన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురూ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. దొర్నిపాడాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. టీచరమ్మ బండకు అవతలి పక్క కూర్చుంది. తినడానికి ఏమీ లేదు, తీర్పు అయ్యేదాకా ఎవరూ ఏమీ ముట్టరు కదా. ఎప్పుడూ అందరం రాళ్ల మీదే కూర్చునేవాళ్లం. ఆ రోజు నాకు ఒక్కడికే కుర్చీ వేశారు, కొంచెం దూరంగా. కూర్చున్నాను.

వారమంతా ఆలోచించిన మాటే చెప్పాను. "రూలు రాసింది నేనే. ఆనుకున్న పాచిక సంగతి రాయకపోవడం నా లోపమే. కానీ టీచరమ్మకు ఆ పొద్దు గ్లాసు కాడ చెల్లింది, ఈ పొద్దు నీకు పళ్లెం కాడ చెల్లకుండా ఎట్ల పోతాదన్నా? ఆమెకొకటి, నీకొకటి చెప్పలేను. పడవాయన సచ్చిపోయినాడు."

ఆయన లేచి నా మీదికి వస్తాడనుకున్నాను. పున్నమి సంగతి తీస్తాడు, గుర్రం నీళ్ల సంగతి తీస్తాడు, సాయంత్రం దాకా తెగదు అనుకున్నాను. దానికి సిద్ధపడి వచ్చాను. ఆయన లేచాడు, రెండు చేతులూ జోడించాడు.

"సరే. నీ మాటే," అన్నాడు.

అంతే. శిల్పి అన్న టీ తెప్పించాడు. దొర్నిపాడాయనా టీచరమ్మా పక్కపక్కన నిలబడి తాగారు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. నా ఆదివారం నాకు దక్కింది. ఆ సాయంత్రం బస్సులో నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. పక్క సీటులో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి వేరుశెనక్కాయలు పెట్టాను.

తర్వాతి వారం దొర్నిపాడాయన వచ్చాడు. కొత్త మనిషిని తయారుచేసుకోమన్నాను. "నువ్వే ఏదో ఒగటి రాయి," అన్నాడు. ఒక సిపాయిని రాసిచ్చాను. చూడను కూడా చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కథలో అడవి వచ్చింది. నీ సిపాయి ఏం చేస్తాడు అన్నాను. "నువ్వెట్లంటే అట్ల," అన్నాడు. ఎలుగుబంటి వచ్చింది. మేఘాలు లేకుండా వాన పడిందని కావాలనే చెప్పాను. సరే అన్నాడు. టీచరమ్మ పుస్తకం ఆమె చెయ్యి కింద మూసే ఉంది. ఏదైనా సందేహం ఉందా అని నేనే అడిగితే, "పెద్దమనిషి ఉండాడు గదన్నా," అంది మర్యాదగా. ఒకాయన అంత పెద్ద నష్టాన్ని నోరెత్తకుండా ఒప్పుకున్నాక, చిన్నచిన్న వాటికి నోరెత్తడం ఆమెకు సిగ్గుగా ఉంది కాబోలు.

అందరూ వేళకు వస్తున్నారు. ఎవరూ కాదనడం లేదు. మునుపు సాయంత్రం దాకా పట్టే ఆట ఇప్పుడు ఎండ దిగకముందే అయిపోతోంది. అందరూ నాకు చెప్పి మరీ వెళ్లేవాళ్లు. నేను బస్టాండులో నా బస్సుకు ఇంకా ఎంతో సేపుందని తెలిసి, ఎవరో ఎక్కుతుంటే, ఎవరో దిగుతుంటే చూస్తూ కూర్చునేవాడిని. తాళం వేసిన షెడ్డు ముందు కూర్చున్నప్పుడు కూడా నాకు ఇంత దిగులు లేదు. అప్పుడు వాళ్లు రాలేదు, అంతే. ఇప్పుడు వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నాకు దూరంగా ఉన్నారు.

మా తాత గుర్తొచ్చాడు. ఆయన మాటకు బజారులో తిరుగు లేదు. ఆయన వస్తుంటే బీడీలు ఆర్పేసేవాళ్లు, మాటలు ఆపేసేవాళ్లు. సాయంత్రం అంగడి అరుగు మీద ఆయన ఒక్కడే కూర్చునేవాడు, పొద్దు గుంకేదాకా. అది గౌరవం అని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ఆయన నన్ను పిలిచి, చెప్పిన కథే మళ్లీ చెప్పేవాడు. నేను విసుక్కుని పారిపోయేవాడిని. తలుచుకుంటే ఇప్పుడు నాకు భయం వేసింది.

ఇట్లా కొన్ని వారాలు పోయాక ఒక ఆదివారం నేను ఆ పని చేశాను. చేయాలని ముందుగా అనుకోలేదు. శిల్పి అన్న మనిషి ఒక దొంగ మీద కత్తి ఎత్తాడు. పాచిక వేస్తే పంతొమ్మిది పడింది. పంతొమ్మిది అంటే ఎదురుగా ఏనుగు ఉన్నా దెబ్బ తగలాల్సిందే. పిల్లలకైనా తెలుసు.

"తగల్లేదు," అన్నాను.

శిల్పి అన్న నా ముఖం వంక, పాచిక వంక చూసి, దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. టీచరమ్మ తలెత్తింది. ఆమె వేళ్లు పుస్తకం అట్ట మీద కదిలాయి. అట్ట తెరుస్తుందనుకున్నాను. ఆమె దొర్నిపాడాయన వంక చూసింది.

"పెద్దమనిషి చెప్పినంక ఇంకేముండాది," అన్నాడు ఆయన. "కానియ్యి."

నాలో ఏదో తెగింది. "పంతొమ్మిది పడితే తగలకుండా ఎట్ల పోతాదప్పా?" అని అరిచాను. "తప్పు చెప్తి నేను. తప్పని మీ ముగ్గురికీ తెలుసు. ఒక్కరన్నా కాదనరేందీ? వారమంతా నాతో మాట్లాడే దిక్కు ల్యాదు. మేకులు, బోల్టులు, సాంబారు. ఈడికొస్తే మీరు కొట్లాడతారని వస్తి. మీరు కూడా సరే, సరే, సరే అంటే నేను ఇంక యాడికి పోవల్ల?"

పక్క షెడ్డులో మిషను ఆగింది. అంత గట్టిగా అరిచినట్టున్నాను. టీచరమ్మ పమిట చివర వేలికి చుట్టుకుంటూ కిందికి చూస్తోంది. లేచి వెళ్లిపోతారనే అనుకున్నాను. వెళ్లిపోయినా తప్పు లేదనిపించింది.

దొర్నిపాడాయన బండ మీద రాతి పొడిని చేత్తో ఒక పక్కకు ఊడ్చాడు.

"అంటే పెద్దమనిషి గూడా తప్పు చెప్తాడంటావు," అన్నాడు.

"చెప్తాడు."

"ఎప్పుడన్నా?"

"ఎప్పుడన్నా."

ఆయన తాను కూర్చున్న రాయిని రెండు చేతులతో పట్టి బండ దగ్గరికి జరుపుకున్నాడు. మోచేతులు బండ మీద ఆనించి, నా కళ్లలోకి చూశాడు.

"అయితే ఆ పొద్దు నావోడు సావలేదు," అన్నాడు.

టీచరమ్మ పుస్తకం తెరిచిన చప్పుడు వినిపించింది.

"సచ్చినాడు," అన్నాను నేను.

"ఎట్ల?" అన్నాడు. "చెప్పు మళ్లా. ఈ తూరి ఒప్పుకోను."